కిష్టప్ప కోపమూ, ఎర్ర తెర మీది నంబరూ

కిష్టప్పకు కోపం ఎప్పుడు వచ్చిందని పోతిరెడ్డిపల్లిలో ఎవరూ అడగరు. ఎప్పుడు పోయిందని అడుగుతారు. ఈ రెండో ప్రశ్నకు ఇంతవరకు ఆధారాలతో కూడిన జవాబు దొరకలేదు. ఆయన భార్య ముత్యమ్మ మాత్రం, "నిద్రల కొంచెం తగ్గుతది" అని వాంగ్మూలం ఇచ్చింది.

కిష్టప్ప సొంతూరు కర్దనూర్. తండ్రి పరాయి పొలాల్లో కూలి చేసి బతికినవాడు. పటాన్‌చెరు వైపు పొగగొట్టాలు లేవడం మొదలైన రోజుల్లో, 1980లో, పద్దెనిమిదేళ్ల కిష్టప్ప ఒక రసాయనాల కంపెనీలో ఇటుకలు మోసే పనికి చేరాడు. తాను మోసిన ఇటుకలతో లేచిన బాయిలర్ గదిలోనే తర్వాత బొగ్గు వేశాడు. ఆ తర్వాత పరీక్ష రాసి బాయిలర్ అటెండెంటు అయ్యాడు. ఆ సర్టిఫికెట్‌కు అద్దం కట్టించి దేవుడి పటాల వరుసలో తగిలించాడు. దేవుళ్లు కొంచెం జరిగి చోటిచ్చారు.

బాయిలర్ దగ్గర కోపం ఒక అర్హత. మెత్తటి మనిషిని అక్కడ నిలబెడితే బొగ్గు తడిగా వస్తుంది, నీళ్లు ఆలస్యంగా వస్తాయి, తర్వాతి షిఫ్టుకు రావాల్సిన రిలీవర్ అసలే రాడు. కిష్టప్ప దగ్గర తడి బొగ్గుకు ఒక కోపం, ఆలస్యపు నీళ్లకు ఒక కోపం, రాని రిలీవర్‌కు ఒక కోపం విడివిడిగా సిద్ధంగా ఉండేవి. మేనేజరు అటు వస్తే నాలుగోది బయటికి తీసేవాడు. ఆయన ఉన్నన్నేళ్లలో ఆ బాయిలర్ ఒక్కసారీ పేలలేదు. పేలాల్సినదంతా కిష్టప్పే పేలేవాడని ఫిట్టర్ సంగయ్య అనేవాడు.

చదువు ఏడో తరగతి. ఇంగ్లీషులో ఉత్తరం ఇస్తే తలకిందులుగా పట్టుకుని చూసినా ఒకటే, నిటారుగా పట్టుకున్నా ఒకటే. కానీ కంపెనీ గోడల మీది ఇంగ్లీషు మాత్రం ఆగకుండా చదివేవాడు. వార్నింగ్. డేంజర్. డు నాట్ టచ్. డు నాట్ స్విచ్ ఆఫ్. కాల్ ఇమ్మీడియట్లీ. కంపెనీ ఆయనకు నేర్పిన ఆంగ్ల సాహిత్యం మొత్తం అంతే.

దానికొక కారణం ఉంది. కంపెనీలో రసాయనాలు ఉడికే పెద్ద పాత్రల దగ్గర ఎర్ర దీపం, హారన్ ఉండేవి. దీపం కింద బోర్డు: మెషిన్ ఆపొద్దు, దేన్నీ ముట్టొద్దు, ఈ నంబరుకు ఫోన్ చెయ్యి. లోపల కలుపుతున్న చక్రం ఆగిందంటే సరుకు వేడెక్కి పైకి తన్నుతుంది. ఒకసారి కొత్తగా చేరినవాడొకడు హారన్ మోగగానే భయపడి మోటారు కట్టేశాడు. పైకప్పు రేకులు గేటు దగ్గర పడ్డాయి. అతని రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి. ఆ రోజు నుంచి కొత్తవాళ్లు ఎవరు చేరినా కిష్టప్పే పాఠం చెప్పేవాడు.

"ఎర్ర లైట్ వెలిగితే నీ అక్కల్ వాడకు. నీ అక్కల్ ఇంటికాడ వాడు. ఈడ బోర్డు సదువు, నంబర్‌కు కొట్టు. సమజైందా?"

సొంత బుర్ర వాడనని, సమజైందని చెప్పేదాకా వదిలేవాడు కాదు. ఏటా భద్రతా వారోత్సవాల్లో స్టీలు గ్లాసో, గోడ గడియారమో బహుమతి ఆయనకే. ఇంట్లో ఆరు గడియారాలు ఆరు టైములు చూపిస్తుండేవి.

2006లో ఒక సోమవారం ఉదయం షిఫ్టుకు పోయేసరికి గేటుకు తాళం, తాళం పక్కన కాగితం. నష్టాలొచ్చాయి, మూసేశాం, నమస్కారం. నమస్కారం నిజంగానే రాసి ఉంది. కిష్టప్పకు నష్టాల మీద కన్నా ఆ నమస్కారం మీద ఎక్కువ కోపం వచ్చింది.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. కేసు లేబర్ కోర్టుకు పోయాక, అరవై నాలుగు మంది అసలు తమ కార్మికులే కారని కంపెనీ చెప్పింది. ఎవరో కాంట్రాక్టరు మనుషులట. వాళ్ల హాజరు రిజిస్టర్లు చూపించమంటే అవి మాత్రమే వానకు తడిసిపోయాయంది. పద్నాలుగేళ్లు ఫ్లోరు కడిగిన మొగులమ్మ ఉన్నట్టుండి అక్కడెప్పుడూ లేని మనిషైంది. ఫర్నేస్ దగ్గర కనుబొమ్మలు కాల్చుకున్న బీహారీ రాంసకల్ కూడా లేడు. కిష్టప్ప పేరు రిజిస్టరులో భద్రంగా ఉంది, ఆయనకు రావాల్సింది ఆయనకు వస్తుంది. అదే ఆయన ఓర్వలేకపోయాడు. కంపెనీ లేడంటున్న రిలీవర్ మీదనా ఇన్నేళ్లు అన్ని తిట్లు ఖర్చు పెట్టింది అన్నాడు.

ఆ అరవై నాలుగు మంది ఉన్నారని రుజువు చెయ్యడం తన పని అనుకున్నాడు. ఎప్పుడు చేరారు, కంపెనీ ఇచ్చిన గుర్తింపు టికెట్ నంబరు ఎంత, ఏ షిఫ్టు, పక్కన ఎవరు పనిచేశారు, ఎక్కడ కాలింది, ఎక్కడ తెగింది, అన్నీ ఒక్కొక్కరి నోటితో చెప్పించి రాయాలి. పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో ఆయన మేనకోడలు రాధమ్మకు జిరాక్సు, టైపింగు, ఇంటర్నెట్టు కలిపిన చిన్న షాపు ఉంది. అందులో పాత కంప్యూటర్ ముందు కూర్చుని కిష్టప్ప రెండు వేళ్లతో టైపు కొట్టాడు. ముందు కాగితం మీద రాద్దామని రాధమ్మ అంటే ఒప్పుకోలేదు.

"కాగితం మీద రాసి మల్ల కొడితే నడుమల మాట మారుతది బిడ్డా. మనిషి చెప్తుంటెనే కొట్టాలె."

"సరే మామా, ఎప్పటికప్పుడు ప్రింటన్న తియ్యి."

"తప్పులు దిద్దాలె ఇంక. అంత అయినంక ఒక్కపారే."

మూడు నెలలు పట్టింది. అరవై నాలుగు మందిలో పంతొమ్మిది మంది బీహారు, ఒడిశా వాళ్లు. వేరే పని దొరక్క ఊళ్లకు రైలెక్కేముందు ఒక్కొక్కరు వచ్చి, ఆ షాపులో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చెప్పాల్సింది చెప్పి, ఊళ్లో పక్కింటివాళ్ల ఫోన్ నంబరో కిరాణా దుకాణం నంబరో ఇచ్చి వెళ్లారు. అవన్నీ ఆ కంప్యూటర్లోనే ఉన్నాయి. మరెక్కడా లేవు.

2009 జూన్‌లో కోర్టు ఆఖరి వాయిదా ఇచ్చింది. గురువారం లోపల వాంగ్మూలాలు దాఖలు చెయ్యకపోతే ఆ అరవై నాలుగు పేర్లూ కేసులోంచి తీసేస్తారు.

మంగళవారం.

రోజూలాగే పదకొండింటికి కరెంటు కోత అయిపోయి కంప్యూటర్ లేచింది. రాధమ్మ బిల్లు కట్టడానికి సంగారెడ్డి పోతూ, "గంటల వస్తా మామా, జెర సూస్కో" అంది. కిష్టప్ప ఆఖరి దిద్దుబాట్లలో ఉన్నాడు. రాంసకల్ ఊరికి పిన్‌కోడు లేదు. కోర్టువాళ్లు పిన్‌కోడు లేదని మనిషే లేడంటారేమోనని ఆయన భయం. ఇంటర్నెట్టులో వెతికాడు. ఏదో పేజీ తెరిచాడు.

తెర మొత్తం ఎర్రబడింది. స్పీకర్లోంచి హారన్ మోగడం మొదలైంది. మధ్యలో తెల్లటి పెద్ద అక్షరాలు. వార్నింగ్. డేంజర్. కంప్యూటర్‌కు వైరస్. డు నాట్ స్విచ్ ఆఫ్. కాల్ ఇమ్మీడియట్లీ. కింద నంబరు.

ఆ తెర మీది ప్రతి ముక్కా కిష్టప్పకు వచ్చిన ఇంగ్లీషే. ఆ తెర వెనకాల దొంగ కూర్చుని ఎవరి కోసం రాశాడో గానీ, ఇరవై ఆరేళ్లు ట్రైనింగిచ్చి కిష్టప్పను వాడికి కంపెనీయే తయారు చేసి పెట్టింది. ఆయన తన అక్కల్ వాడలేదు. కుర్చీ వెనక్కి జరిపి, దేన్నీ ముట్టకుండా, జేబులోంచి ఫోన్ తీసి నంబరుకు కొట్టాడు. సెకన్ల లెక్కన చూస్తే ఆయన జీవితంలో అత్యుత్తమ భద్రతా ప్రదర్శన అదే.

అవతల ఒక గొంతు హిందీలో నమస్తే చెప్పింది. పేరు విక్టరట. కంప్యూటర్ కంపెనీ సర్వీసు ఇంజనీరట.

"మంచి టైముకు ఫోన్ చేశారు సార్. ఆపలేదు కదా?"

"ఆపలె. ఆపొద్దని నాకెర్కనే," అన్నాడు కిష్టప్ప, కొంచెం గర్వంగా.

"చాలా తెలివైన పని చేశారు. ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యండి."

విక్టర్ చెప్పినట్టల్లా కిష్టప్ప మీటలు నొక్కాడు. ఏదో అడ్రసు కొట్టమంటే కొట్టాడు, ఏదో అంకె చెప్తే వేశాడు, అవును అనే చోట నొక్కమంటే నొక్కాడు. ఎర్ర తెర పోయింది, హారన్ ఆగింది. మౌసు ముట్టకుండానే బాణం గుర్తు తనంతట తాను కదలసాగింది. కిష్టప్ప చేతులు కట్టుకుని, గురువు ముందు శిష్యుడిలాగా చూస్తున్నాడు.

బాణం ఎక్కడెక్కడో తిరిగి ఒక పొడుగాటి జాబితా తెరిచింది. వరస వరసన తారీఖులు, టైములు. కొన్నింటి పక్కన ఎర్ర గుర్తు, కొన్నింటి పక్కన పసుపు గుర్తు.

"చూశారా సార్? ఈ ఎర్రవన్నీ వైరస్‌లు. పసుపువి పిల్ల వైరస్‌లు. మూడు వందల పైన ఉన్నాయి. ఇవాళ సాయంత్రం లోపల మీ ఫైళ్లన్నీ తినేస్తాయి."

కిష్టప్ప కళ్లజోడు సరిచేసుకుని తెర దగ్గరికి వంగాడు. విక్టర్‌కు తెలియని సంగతి ఒకటుంది. తెర మీద జాబితా చూస్తున్న మనిషి ఏళ్ల తరబడి, షిఫ్టుకొక పేజీ చొప్పున, బాయిలర్ లాగ్ బుక్ రాసినవాడు. గంట గంటకూ ప్రెషర్ ఎంత, నీళ్లు ఎంత, పంపు ఎప్పుడు ఆగింది, మళ్లీ ఎప్పుడు ఎత్తుకుంది, అన్నీ. ఆగిన చోటల్లా ఎర్ర పెన్నుతో గీత. బాగా నడిచే బాయిలర్ పుస్తకంలో అలాంటి గీతలు నెలకు వంద ఉంటాయి. ఒక్క గీతా లేని పుస్తకం కనబడితే ఇన్‌స్పెక్టరుకు అనుమానం వచ్చేది, ఇంట్లో కూర్చుని రాశారని.

"ఇది లాగ్ బుక్ గద," అన్నాడు కిష్టప్ప.

"కాదు సార్, వైరస్ లిస్టు."

"తారీఖు ఉన్నది, టైము ఉన్నది. నిన్న పదకొండు గంటల రెండు నిమిషాలకు ఎర్రది. మొన్న పదకొండు గంటల నాలుగు నిమిషాలకు ఎర్రది. అటు మొన్న పదకొండున్నర. అరె, ఆ రోజు కరెంటు లేటొచ్చింది." కిష్టప్ప గొంతు నెమ్మదించింది. ఆయన గొంతు నెమ్మదించిందంటే కంపెనీలో మనుషులు గోడవతలికి పోయేవారు. "నీ వైరస్ మా సబ్‌స్టేషన్ టైము ప్రకారం డ్యూటీకి వస్తదా?"

 విక్టర్ మర్యాద కొంచెం పలచబడింది. "అంకుల్, మీకు టెక్నికల్ విషయాలు అర్థం కావు. ఏటీఎం కార్డు చేతిలో పట్టుకోండి. దాని మీద పదహారు అంకెలు చదవండి, వెనకాల మూడంకెలు చదవండి. నేను బాగు చేస్తాను."

"నీ నంబర్ ఎవలు పెట్టిన్రు ఆ తెర మీద?"

"ఏంటి?"

"మా కంపెనీల బోర్డు మీద నంబరు మేము రాసినం. పెయింటర్‌ను పిలిచి, ప్రమాదం కంటే ముందుగల్ల రాయించినం. నీది ప్రమాదంతోని కలిసే వచ్చింది. ప్రమాదం జేబుల విజిటింగ్ కార్డు పెట్టుకొని వస్తదార లుచ్చా?"

తర్వాత జరిగిన సంభాషణను పూర్తిగా అచ్చు వెయ్యడం సభ్యత కాదు. కిష్టప్ప దక్కనీ, తెలుగు, ఫర్నేస్ దగ్గర నేర్చుకున్న భోజ్‌పురి, మూడు భాషల్లోనూ విక్టర్ వంశాన్ని వెనక్కి తవ్వుకుంటూ పోయాడని చెప్తే చాలు. తాతముత్తాతల దగ్గరికి చేరేసరికి ఆయన చూపు తెర మీద పడింది. బాణం ఖాళీగా లేదు. చిన్న పెట్టె ఒకటి తెరిచి, అందులో చుక్కలు కొడుతోంది. కిష్టప్ప వంగి ఇంటర్నెట్ నీలం వైరు పీకాడు. అప్పటికే తెర నల్లబడింది.

మళ్లీ స్విచ్ వేస్తే కంప్యూటర్ లేచింది గానీ సగంలో ఆగి, పాస్‌వర్డ్ అడిగింది. ఇంతకు ముందెన్నడూ అడగని పాస్‌వర్డ్. విక్టర్ కొట్టిన చుక్కలు అవే.

ఫోన్ మోగింది. విక్టరే. ఇప్పుడు సార్ లేదు, అంకుల్ లేదు. "తాళం నా దగ్గర ఉంది. పదివేలు పంపిస్తే చెప్తా. లేకపోతే నీ ఫైళ్లకు దండం పెట్టుకో."

"నువ్వు దొరకాలెరా," అన్నాడు కిష్టప్ప. "నిన్ను బాయిలర్ల వెయ్య. బొగ్గు పాడైతది." ఫోన్ పెట్టేశాడు.

పెట్టేసి ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాడు. మొగులమ్మ కూర్చుని చెప్పిన కుర్చీ. కంపెనీ మూడేళ్లు వకీళ్లను పెట్టి మాపలేని అరవై నాలుగు మందిని తాను పావుగంటలో, తన చేత్తో, తన ఫోన్ ఖర్చుతో మాపేశాడు.

రాధమ్మ వచ్చి చూసింది. విన్నది. ఆమెకు తన షాపు కన్నా మామ మొహం చూస్తే భయమేసింది.

"వాడు చేసిండా ఫోన్, నువ్వు చేసినవా మామా?"

"నేనే."

"నువ్వే కొట్టినవా నంబర్‌కు?"

"నేనే కొట్టిన బిడ్డా. నేనే లోపలికి తోల్కొచ్చిన. చాయ్ ఒక్కటే పొయ్యలె."

లోకంలో మోసపోయినవాళ్లు సాధారణంగా ఇక్కడ తలుపు దగ్గరికేసుకుంటారు. ఎవరికైనా తెలిస్తే నవ్వుతారని నోరు మూసుకుంటారు. దొంగల వ్యాపారానికి అసలు పెట్టుబడి ఎర్ర తెర కాదు, ఆ మూసుకున్న నోరు. విక్టర్ దురదృష్టం ఏమిటంటే, కిష్టప్ప శరీర నిర్మాణంలో సిగ్గు కన్నా కోపం గొంతుకు దగ్గరగా ఉంది.

ఆయన లేచి చౌరస్తా మధ్యలోకి వెళ్లి నిలబడ్డాడు. బస్సుల కోసం నిలబడ్డవాళ్లు, కూరగాయలవాళ్లు, చాయ్ తాగుతున్నవాళ్లు అందరూ వినేట్టు మొదలుపెట్టాడు.

"వినుండ్రి! నేను మోసపోయిన! బాయిలర్ కిష్టప్పను మోసపోయిన! తెర మీద ఎర్రగ వైరస్ అని వస్తది, నంబర్ ఉంటది, కొట్టిన్రో సచ్చిన్రు! వాడు ఇంజనీర్ గాదు, దొంగ!"

చాయ్ హోటల్లోంచి సంగయ్య పరుగెత్తుకొచ్చి రెక్క పట్టుకున్నాడు. "ఏందిరా గీ లొల్లి? మంది సూస్తున్నరు. ఇజ్జత్ పోతది, లోపలికి రా."

"ఇజ్జత్ నాదెందుకు పోతదిరా? దొంగతనం వాడు చేసిండు, సిగ్గు నేను పడాల్నా? రెండు పనులు వానియే!"

"పడకు గని మెల్లగ చెప్పు."

"మెల్లగ చెప్తే మెల్లగ మోసపోతరు!"

గుంపు చేరింది. ఎవరో నవ్వారు. ఎవరో కంప్యూటర్‌కు జలుబు చేస్తే ఆవిరి పట్టాలి గదా, బాయిలర్ కిష్టప్పకు అది కూడా తెలియదా అన్నారు. గుంపు వెనకాల ఫొటో స్టూడియో యాదన్న మాత్రం నవ్వలేదు. చెప్పులవైపు చూస్తున్నాడు. కిష్టప్ప కంటికి అది ఆనింది. బాయిలర్ గదిలో తప్పు చేసినవాడు ఎప్పుడూ చెప్పులవైపే చూసేవాడు.

"ఏంది యాదన్నా?"

"ఏం లేదు."

"ఏం లేకుంటె కిందికెందుకు సూస్తున్నవ్?"

యాదన్న గొణిగాడు. "నాకు గూడ వచ్చింది గది. పోయిన నెల. పైసలు కట్టిన."

"గదే ఎర్ర తెరనా?"

"గదే. అండ్ల పెండ్లి ఫొటోలుండె. భయమైంది."

 విక్టర్‌ను తిట్టినప్పుడు కూడా రాని గొంతు ఇప్పుడు వచ్చింది కిష్టప్పకు. "నీ షాపుకు మా రాధమ్మ షాపుకు నడుమ ఎన్ని అడుగులు యాదన్నా? ఇరవై? గా ఇరవై అడుగులు నడిచి ఒక్క మాట చెప్తే, ఇయ్యాల అరవై నాలుగు మంది బతికెటోళ్లు గద! మా కంపెనీల ఒక్క పంపు ఆగితే పుస్తకంల రాస్తుంటిమి, ఎందుకు? వెనక షిఫ్టోడు సావొద్దని! నువ్వు రాయలె, చెప్పలె, ఇస్త్రీ అంగీ తొడుక్కొని కూసున్నవ్!"

యాదన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. "నవ్వుతరనుకున్న అన్నా," అన్నాడు.

"నవ్విన్రు గద ఇప్పుడు నన్ను. ఏమైంది? సచ్చిన్నా?"

ఈ లొల్లి విని రోడ్డవతల నుంచి ఐలన్న వచ్చాడు. ఒకప్పుడు అదే కంపెనీలో ఎలక్ట్రీషియన్, ఇప్పుడు సంగారెడ్డిలో కంప్యూటర్లు రిపేరు చేస్తాడు. బస్సు కోసం నిలబడ్డవాడు బస్సు వదిలేశాడు. కిష్టప్ప మెల్లగా చెప్పి ఉంటే ఆ బస్సులో పోయేవాడే.

షాపులో కూర్చుని, సంగతంతా విని, పెట్టె మరలు విప్పుతూ ఐలన్న అన్నాడు, "కిష్టప్పన్నా, ఆ ఎర్రది ఉత్త బొమ్మ. ఇంటర్నెట్టుల పేపర్ లెక్క ఒక పేజీ. లోపల వైరస్ ఉన్నదో లేదో దానికేం తెలుస్తది? నీలం వైరు పీకి, కంప్యూటర్ బంద్ చేసి మల్ల పెడితే పోతుండె."

"బంద్ చెయ్యొద్దని రాసుండెగదనే!"

"బంద్ చేస్తే వాని బేరం పోతది గద. అందుకే రాసిండు. ఏ కంపెనీ గిట్ల తెర మీద నంబర్ పెట్టి నన్ను పిలువుమనది అన్నా. పిలిచినా వాడు అడిగిన మీటలు నొక్కొద్దు. నువ్వు నొక్కినంకనే వానికి తలుపు తెరుసుకుంది. అంతదాక వాడు బయటనే ఉండె."

"ఫైళ్లు పోయినయా?" అని రాధమ్మ అడిగింది. కిష్టప్ప అడగలేకపోయాడు.

"సూద్దాం. వాడు తలుపుకు తాళమేసిండు. సామాను ఎత్కపోయిండా లేదా అన్నది వేరే ముచ్చట."

లోపలినుంచి సబ్బుబిళ్ల పెట్టెంత ఇనుప డబ్బా ఒకటి ఊడదీశాడు. ఫైళ్లన్నీ ఉండేది అందులోనేనట. దాన్ని వేరే కంప్యూటర్‌కు తగిలించి చూడాలి. వేరే కంప్యూటర్ ఎక్కడుందని తల ఎత్తితే గుమ్మంలో యాదన్న నిలబడి ఉన్నాడు. "నా దాంట్ల పెట్టు," అన్నాడు. "నాది బాగు చేయించినంక మంచిగుంది."

ఇరవై అడుగులు నడిచారు. ఐలన్న డబ్బాను తగిలించాడు. తెర మీద పసుపు సంచుల్లాంటి బొమ్మలు వచ్చాయి. ఒక్కొక్కటి తెరిచాడు. మూడోదాంట్లో మొదటి పేరు మొగులమ్మ. పద్నాలుగేళ్లు, ఫ్లోరు కడిగే పని, టికెట్ నంబరు, ఎడమ పాదం మీద యాసిడ్ మచ్చ. కిందకి జరిపితే అరవై నాలుగూ ఉన్నాయి. కిష్టప్ప వేలుతో తెర మీద ఒక్కొక్క పేరూ లెక్కపెట్టాడు. అయ్యాక మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు. తర్వాత, "ప్రింట్ తియ్యి బిడ్డా. ఇప్పుడే," అన్నాడు. చౌరస్తాలో నోరు తెరిచాక ఆయన అరవకుండా మాట్లాడిన మొదటి మాట అదే.

పాత కంప్యూటర్‌ను ఐలన్న మొత్తం తుడిచి మళ్లీ మొదటినుంచి ఎక్కించాడు. దొంగ లోపల ఏమేం వదిలిపెట్టాడో నమ్మలేమన్నాడు.

బుధవారం చుట్టుపక్కల ఊళ్లలో ఉన్న నలభై అయిదు మందిని పిలిపించి, ఎవరిది వారికి చదివి వినిపించి, సంతకాలు, వేలిముద్రలు తీసుకున్నారు. గురువారం కిష్టప్ప, సంగయ్య కాగితాల కట్టతో హైదరాబాద్‌లో కోర్టుకు పోయారు. కంపెనీ వకీలు తయారుగా ఉన్నాడు. పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో అరిచిన సంగతి హైదరాబాద్ దాకా పాకడానికి రెండు రోజులు కూడా పట్టలేదన్నమాట. ఆ కంప్యూటర్‌ను ఎవరో బయటి మనుషులు తెరిచారట కదా, ఇక ఈ వాంగ్మూలాలను నమ్మేదెట్లా అన్నాడు. సంగయ్య కిష్టప్ప చెవిలో, "సూసినవా, మెల్లగ చెప్పమంటి గద," అన్నాడు. కిష్టప్ప లేచి, "అయ్యా, దొంగ తెరిచింది నిజం. దొంగకు మా మొగులమ్మ పాదం మీద మచ్చ సంగతి ఎట్ల తెలుస్తది? ఆమె బయట నిలబడ్డది. పిలిచి పాదం సూడుండ్రి," అన్నాడు.

తీర్పు చెప్పే అధికారి మొగులమ్మ పాదం చూడలేదు గానీ కాగితాలు తీసుకున్నాడు. సంతకాలున్న నలభై అయిదూ దాఖలు చేసుకున్నాడు. సంతకం లేని పంతొమ్మిదీ పక్కన పెట్టి, ఆ మనుషులు వచ్చి తామే చెప్పామని ఒప్పుకోవాలని, ఆగస్టు పద్నాలుగుకు వాయిదా వేశాడు. పంతొమ్మిది మందీ కాగితం మీది మనుషులేనని, ఒక్కడూ రాడని వకీలు నవ్వుతూ ఫైలు మూశాడు.

ఆ నవ్వు చాలు కిష్టప్పకు. కోర్టు మెట్ల మీదే కూర్చుని, కట్టలోంచి ఒక కాగితం లాగి, దాని మీది నంబరుకు ఫోన్ కొట్టాడు. బీహారులో ఎక్కడో కిరాణా దుకాణంలో మోగింది. పిలుస్తామన్నారు. పది నిమిషాల తర్వాత మళ్లీ కొడితే రాంసకల్ గొంతు వచ్చింది.

"ఎవరు?" హిందీలో అడిగాడు.

"పటాన్‌చెరు కంపెనీ నుంచి. నీ టికెట్ నంబర్ ఎంత, చెప్పు."

"ఎందుకు చెప్పాలి? నీకు నా నంబరు ఎవరిచ్చారు?"

"నువ్వే ఇచ్చినవ్‌రా!"

"నేనెవరికీ ఇవ్వలేదు. మొన్ననే మా ఊళ్లో ఒకడు ఇట్లాగే ఫోన్ చేసి, లాటరీ తగిలిందని అంకెలు అడిగి ముంచాడు. నేను ఏ నంబరూ చెప్పను. పెట్టెయ్."

 పక్కన సంగయ్య పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. ఆ జాగ్రత్తకు ముచ్చటపడే తీరిక కిష్టప్పకు లేదు. నిలబడి, కోర్టు ఆవరణ అని చూడకుండా, ఫర్నేస్ దగ్గర నేర్చుకున్న భోజ్‌పురి మొత్తం విప్పాడు. రాంసకల్ రాత్రి డ్యూటీలో ఎన్నిసార్లు నిద్రపోయాడు, ఎన్నిసార్లు తడి బొగ్గు వేశాడు, ఎవరి రొట్టె దొంగిలించి తిన్నాడు, అన్నీ ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పాడు. కాగితాలు పట్టుకుని పోతున్న నల్లకోట్లు ఆగి చూశాయి.

అవతలి గొంతు మారింది. "అరే, కిష్టప్ప భయ్యా! నువ్వేనా?"

"మల్లెవడనుకున్నవ్? విను. ఈడ ఒక కోటు తొడుక్కున్నాయన నువ్వు పుట్టనే లేదంటున్నడు. ఆగస్టు పద్నాలుగుకు వచ్చి మొఖం సూపియ్యాలె. మీ జిల్లావోళ్లు ఇంకెవలెవలున్నరు?"

"నలుగురున్నాం. రైలు టికెట్టుకు..."

"టికెట్ సంగతి నేను సూస్త. నువ్వు ఆ నలుగురికి చెప్పు. ఇగ ఒక్క మాట, నీ ఊరి పిన్‌కోడ్ ఎంత?"

అంకెలు అడిగేసరికి రాంసకల్‌కు మళ్లీ అనుమానం లేచింది.

"అది వచ్చినప్పుడు చెప్తా భయ్యా," అన్నాడు.